సెప్టెంబరులో గూళ్ళు వెతకడం ఎలా

మొన్నామధ్య మా తెలుగు చర్చిలో ఒకావిడ తన కూతుర్ని నా మీదికి తోలింది. ఆ పిల్ల మెడిసిన్ వద్దు, కంప్యూటర్స్ వద్దు, వైల్డ్‌లైఫ్ బయాలజీ చదువుతానని భీష్మించుకు కూర్చుందట. "మీరు ఆ ఫీల్డ్‌లోనే రిటైరయ్యారు కదక్కా, కాస్త నచ్చజెప్పండి" అంది తల్లి. నచ్చజెప్పడమంటే మానిపించడమని వాళ్ళింటి అర్థం. పిల్లతో కూర్చుని మాట్లాడాను. మానిపించలేదు. అప్పట్నుంచి ఆవిడ ఆరాధనకి వచ్చినప్పుడల్లా నాకు దూరంగా ఆ చివర కుర్చీ చూసుకుంటోంది.

ఆ పిల్లకి చెప్పినవీ, చెప్పడం మరిచినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవాటిలో చెప్పుకోదగ్గవి లేవు, చెప్పుకోదగ్గవి నాకు రాలేదు. ఒక పిట్ట, ఒక కొండ, ఒక బాసు, ఒక రిటైర్డ్ ఇంజనీరు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఈ నలుగురి దగ్గరే.

ఈ ఉద్యోగం ఏమిటంటే

రెండు వేల ఒకటిలో అమెరికాలోని డెన్వర్ చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఉద్యోగాలు పోయి ఇళ్ళలో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే నాకు ఉద్యోగం వచ్చింది. తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో "కన్సల్టెంట్‌ని" అని చెప్పగానే మగవాళ్ళు ప్లేట్లు పట్టుకుని దగ్గరికి జరిగేవాళ్ళు, ఏ కంపెనీ, ఏ టెక్నాలజీ, ఇంకా తీసుకుంటున్నారా అని. పిట్టల్ని లెక్కపెట్టే కన్సల్టెంట్‌నని చెప్పగానే అదే వేగంతో పులిహోర దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. మా ఆయన శామ్యూల్ హాస్పిటల్‌లో పనిచేసేవాడు కాబట్టి మా ఇంట్లో మాత్రం అన్నం ఉడుకుతుందని అందరూ ధైర్యం చెప్పుకున్నారు.

పని ఏమిటంటే ఇది. ఎవరో ఒకరు కొండ మీదో, బీడులోనో ఏదో కట్టాలనుకుంటారు. కట్టేముందు అక్కడ ఏ జంతువులున్నాయో, ఏ పిట్టలున్నాయో చూపించాలంటుంది చట్టం. ఆ చూసే పని మా కంపెనీది. మాకు డబ్బిచ్చేది కట్టేవాడు. పెళ్ళికొడుకు ఎలాంటివాడో విచారించి రమ్మని, పెళ్ళికొడుకు తండ్రే మనిషిని పెట్టి జీతమిచ్చినట్టు. అయినా ఈ పద్ధతిలో కూడా నిజం చెప్పేవాళ్ళున్నారు, నేను చూశాను. వాళ్ళు ఎక్కువకాలం ఒకే ఊళ్ళో ఉండరు, అంతే.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలు అడవి, నిశ్శబ్దం, బైనాక్యులర్స్ అనుకుని వస్తారు. అవి కూడా ఉంటాయి, కాదనను. ఎక్కువ భాగం మాత్రం ట్రక్కులో కూర్చుని చల్లారిన ఉప్మా తినడం, వాన ఆగుతుందేమోనని చూడడం, ఆఫీస్‌కి వచ్చి "అవకాశం ఉంది", "అవకాశం లేకపోలేదు" అనే రెండు మాటల మధ్య మూడో మాట కోసం బాసుతో పోట్లాడడం.

పిట్ట

నేను ఎక్కువ పనిచేసింది ఒక ఫించ్ మీద. పిచ్చుక కంటే కాస్త పెద్దది. ఒళ్ళంతా గోధుమరంగు. పొట్ట మీదా రెక్కల మీదా గులాబిరంగు, ఎవరో హోలీ నాడు చల్లి కడుక్కోకుండా వదిలేసినట్టు ఉంటుంది. రోజీ ఫించ్ అంటారు. వీటిలో గోధుమరంగు నెత్తి ఉన్న రకం మా కొలరాడోలో, దానికి ఆనుకుని ఉన్న కాసిని కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా గూడు పెట్టదు.

పెట్టేది కూడా ఎక్కడ? చెట్టు అనేది మొలవడం మానేసిన ఎత్తు దాటాక, నిట్టనిలువు రాతిగోడ ఉంటే, దాని పగుళ్ళలో. మనకి అక్కడ రెండు అడుగులు వేస్తే ఊపిరాడదు. ఆ గోడ కింద వేసవిలో కూడా కరగని మంచు పట్టీ ఒకటి ఉండాలి. కింద లోయల్లోంచి గాలికి కొట్టుకొచ్చిన పురుగులు ఆ మంచు మీద పడి చలికి బిగుసుకుపోతాయి. మన ఫించ్ ఆ మంచు అంచునే నడుస్తూ ఒక్కోటీ ఏరుకుంటుంది. మంచు వెనక్కి తగ్గినకొద్దీ కొత్త గింజలు బయటపడతాయి. దానికి మంచంటే చలి కాదు, చలవపెట్టె.

పిల్లలున్నప్పుడు ఈ పిట్ట గొంతు కింద ఒక సంచి లాంటిది తయారవుతుంది. ఆడదానికీ మగదానికీ ఇద్దరికీ. మేత దాన్నిండా కుక్కుకుని గోడ మీది గూటికి ఎగురుతుంది. గూడు పగుల్లో లోపలెక్కడో ఉంటుంది కాబట్టి మనకి కనబడదు. గొంతు ఉబ్బిన పిట్ట గోడలోకి దూరి, గొంతు తగ్గి బయటికొచ్చిందా, లోపల పిల్లలున్నట్టే. మా విద్యంతా ఇంతే. నాలుగేళ్ళు యూనివర్సిటీలో చదివి నేర్చుకున్నాం.

మగపిట్టల గురించి కూడా ఒక మాట. వీటిలో ఆడవి తక్కువ, మగవి ఎక్కువ. మామూలు పిట్టల్లో మగది ఒక జాగా చూసుకుని, ఇది నాది అని కాపలా కాస్తుంది. ఇది అలా కాదు. దీనికి జాగా లేదు. పెళ్ళాం ఎక్కడుంటే ఆ చుట్టూ నాలుగడుగులే దీని రాజ్యం. ఆవిడ కదిలితే రాజ్యం కదులుతుంది, వెనకాలే ఈయన వచ్చిపోయే మగాళ్ళందర్నీ తరుముతూ తిరుగుతాడు. గూడు కట్టేది ఆవిడ, పొదిగేది ఆవిడ. ఈయన మాత్రం సాయంత్రానికి అలిసిపోతాడు. ఇది చర్చి మహిళల కూడికలో ఒకసారి చెప్పాను. అందరూ నవ్వారు, ఒకావిడ మాత్రం ఏడ్చింది.

బాసు

మా బాసు పేరు డేల్. మంచివాడు. నాకు ఫ్లూ వస్తే సూప్ తెచ్చిచ్చాడు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాలి కాబట్టి సూప్ సంగతి ముందు చెప్పాను.

డేల్ ఏనాడూ అబద్ధం ఆడలేదు. ఆ అవసరం రాలేదు అతనికి. చేతిలో క్యాలెండరు ఉండగా అబద్ధం ఎందుకు? గుడ్లగూబల సర్వే మిట్టమధ్యాహ్నం పెట్టేవాడు. కప్పల సర్వే కరువు నెలలో పెట్టేవాడు. వెళ్ళినవాళ్ళు నిజాయితీగా వెళ్ళి, నిజాయితీగా వెతికి, నిజాయితీగా ఏమీ లేదని రాసుకొచ్చేవాళ్ళు. "కనబడలేదు" అని మేం రాసేవాళ్ళం. అది క్లయింట్ ఆఫీస్‌కి చేరేసరికి "లేవు" అయ్యేది. ఆ మధ్య దారిలో ఎక్కడ మారేదో ఎవరికీ తెలియదు. తిలా పాపం తలా పిడికెడు.

నేను రెండుసార్లు అడిగాను, ఈ నెలలో ఎందుకూ అని. జంతువుల్ని ఇబ్బంది పెట్టకూడదు కదా, అవి లేనప్పుడు వెళ్తేనే మర్యాద అన్నాడు. ఆ మాట నవ్వకుండా అనగలగడం కూడా ఒక అర్హతే. అందుకే అతను బాసు, నేను ట్రక్కు డ్రైవ్ చేసేదాన్ని.

కొండ

ఒక ఏడాది ఒక స్కీ రిసార్ట్ వాళ్ళు వచ్చారు. కొండ కొమ్మున, తీగ మీద నడిచే గండోలాకి స్టేషన్, పక్కనే అద్దాల రెస్టారెంటు కడతారట. జనం బర్గర్ తింటూ కొండల్ని చూస్తారట. వాళ్ళు మ్యాప్ మీద వేలు పెట్టి చూపించిన చోటు నేను రెండుసార్లు చూశాను. అది నాకు తెలిసిన గోడ. అంతకుముందు వేసవుల్లో సెలవు రోజున శామ్యూల్‌ని లాక్కుని వెళ్ళి ఆ గోడ దగ్గర కూర్చునేదాన్ని. కింద మంచుపట్టీ, పైన పగుళ్ళు, పొద్దున్నుంచీ గొంతులు నింపుకుని ఎగిరే పిట్టలు. స్టేషన్ పునాది ఆ గోడ నెత్తిమీద పడుతుంది. మంచుపట్టీని రెస్టారెంటుకి దారి కోసం చదును చేస్తారు.

డేల్‌కి చెప్పాను. చాలా సంతోషించాడు. "అయితే నువ్వే సర్వే లీడ్ చెయ్యి, ఈ పిట్ట నీకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు" అన్నాడు. సర్వే ఎప్పుడని అడిగాను. సెప్టెంబరు ఆఖరున.

ఆ పిట్ట పిల్లలు జూలైలో గూళ్ళలో ఉంటాయి. ఆగస్టు తిరిగేసరికి ఎగిరిపోతాయి. సెప్టెంబరు ఆఖరున పిట్టలన్నీ గుంపులు కట్టి కొండల మీద తిరుగుతుంటాయి, గూటివైపు కన్నెత్తి చూడవు. అప్పుడు వెళ్ళి గూళ్ళు వెతకడమంటే, పెళ్ళయి పందిరి విప్పాక వెళ్ళి ఇక్కడ పెళ్ళి జరిగిన దాఖలాలు లేవని రాసుకురావడమే.

వెళ్ళాం. వెతికాం. గొంతు ఉబ్బిన పిట్ట ఒక్కటీ కనబడలేదు. ఎలా కనబడుతుంది? ఆఫీస్‌కి వచ్చేసరికి రిపోర్ట్ టైప్ అయి ఉంది. "గూళ్ళు కనబడలేదు." కింద నా పేరు, దాని పైన సంతకానికి ఖాళీ గీత. సంతకం పెడితే ఆ గోడ పోతుంది. పెట్టకపోతే నా ఉద్యోగం పోతుంది, ఇంకెవరో పెడతారు, గోడ ఎలాగూ పోతుంది. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను. ఎటునుంచి వేసినా జవాబు ఒకటే వచ్చింది. డేల్ సోమవారం దాకా టైమిచ్చాడు.

దేవదానం గారు

ఆ ఆదివారం చర్చి అయ్యాక భోజనాల దగ్గర నా ముఖం చూసి పక్కన కుర్చీ లాక్కున్నాడు దేవదానం గారు. గోదావరి జిల్లాల్లో ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. కూతురు స్వర్ణ ఇంటికి ఆర్నెల్లకని వచ్చాడు. స్వర్ణా అల్లుడూ ఆఫీసులకి పోతే ఈయన ఇంట్లో ఉన్న నల్లాలన్నీ తిప్పి చూసి, వాషర్లు పోయాయని లెక్కలు చెప్పేవాడు. మనిషి మంచి హుషారు. ఏదో ఒక ఇన్‌స్పెక్షన్ లేకపోతే రోజు గడవదు ఆయనకి.

నేను సంగతంతా చెప్పాను. చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. ఆయన పప్పన్నం కలుపుతూ శ్రద్ధగా విన్నాడు. సెప్టెంబరు అనేసరికి ముద్ద చేతిలో ఉండగానే నవ్వు మొదలుపెట్టాడు. చుట్టుపక్కల టేబుళ్ళవాళ్ళు తిరిగి చూసేంత నవ్వు.

"ఏవమ్మా కరుణా, ఈ అమెరికావోళ్ళకి ఇది ఎవరు నేర్పారమ్మా? మేం కాలువకి ఇన్‌స్పెక్షన్ మే నెల్లో పెట్టేవోళ్ళం!"

నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పాడు. కాలువకి సిమెంటు లైనింగ్ వేస్తారు. ఎక్కడా నీళ్ళు ఊరడం లేదని ఇంజనీర్లు సంతకం పెడితేనే కాంట్రాక్టరుకి ఫైనల్ బిల్లు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, చుక్క నీరుండదు. సరిగ్గా అప్పుడు అందరూ జీపుల్లో వెళ్ళి, కాలువలోకి దిగి, అటూ ఇటూ నడిచి, కొబ్బరిబొండాలు తాగి, "ఊట కనబడలేదు" అని రాసి వస్తారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

"మరి ఎవ్వరూ అడ్డుపడలేదా బాబాయి గారూ?" అన్నాను.

ఒక్కడు పడ్డాడట. వాళ్ళ డివిజన్‌లో కొత్తగా వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు. ఊట ఉందని రాయలేదు, చూడలేదు కాబట్టి. ఊట లేదనీ రాయలేదు. ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. "తనిఖీ చేసిన రోజున కాలువలో నీరు లేదు." ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టెయ్యలేకపోయారు. ఎందుకంటే అందరూ ఆ ఎండిన కాలువలోనే బూట్లేసుకుని నిలబడ్డారు. ఫైలు పైకి వెళ్ళింది. పైనున్న ఆయన చదివి, నీళ్ళు వదిలాక మళ్ళీ చూడమన్నాడు. నీళ్ళు వదిలాక చూస్తే పక్కనున్న వరిచేలన్నీ అడక్కుండానే తడిసిపోతున్నాయి. లైనింగ్ మొత్తం పగలగొట్టి మళ్ళీ వేయించారు.

"ఆ కుర్రాడు ఏమయ్యాడు?" అని అడిగాను. ఆయన పెరుగు కోసం లేచి వెళ్ళిపోయాడు. వచ్చి కూర్చున్నాక గోంగూర గురించి మాట్లాడాడు. ఆ కుర్రాడు ఈయనే అయ్యుంటాడనీ, గొప్పలు చెప్పుకోవడం ఇష్టంలేక మాట మార్చాడనీ నాకు నేనే అనేసుకున్నాను.

ఒక వాక్యం

సోమవారం నేను ఆ రిపోర్ట్‌లో ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. మొదటి పేజీలో, మొదటి పేరాలో ఒక వాక్యం చేర్చాను. ఈ సర్వే చేసిన రోజుల్లో ఈ పిట్టకి గూళ్ళ కాలం కాదు. కింద సంతకం పెట్టి డేల్ బల్ల మీద పెట్టాను.

అతను చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. ఇది ఎందుకన్నాడు. తప్పా అని అడిగాను. తప్పు కాదన్నాడు. అయితే ఉండనీ అన్నాను. ఆఖర్లో అనుబంధంలో పెడదామన్నాడు. అలాగైతే నా సంతకం కూడా అనుబంధంలోనే పెడతానన్నాను. డేల్ నన్ను అలా చూడడం అదే మొదలు. పైన మొహం నవ్వుతూనే ఉంది, లోపలెక్కడో దీపం ఆరిపోయింది. రిపోర్ట్ ఆ రోజే క్లయింట్‌కి వెళ్ళాలి. ఈ పిట్ట తెలిసినవాళ్ళు ఆఫీస్‌లో ఇంకెవరూ లేరు. పైగా డేల్‌కి ఒక గట్టి నమ్మకం, రిపోర్ట్‌లు ఎవరూ చదవరని. పంపేశాడు. ఆ గోడ నిలబడిందంటే సగం పుణ్యం ఆ నమ్మకానిదే.

ప్రభుత్వ అటవీ ఆఫీస్‌లో లిండా అనే ఆవిడ ఉండేది. ఆమె పని ఇలాంటి రిపోర్ట్‌లు చూసి ముద్ర వేయడం. పాపం ఆవిడకి ఒక దురలవాటు, చదివి వేసేది. నాకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది, మరి గూళ్ళ కాలం ఎప్పుడూ అని. జూలై అన్నాను. థ్యాంక్యూ అని పెట్టేసింది. తరువాత ఉత్తరువు వచ్చింది. జూలైలో మళ్ళీ సర్వే, అందరూ కలిసి, ఇష్టమున్న ప్రజలు కూడా రావచ్చు.

జూలై

ఇష్టమున్న ప్రజలు ఒక్కరే వచ్చారు. దేవదానం గారు. మళ్ళీ ఆర్నెల్లకి వచ్చి దిగాడప్పటికి. మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు, పాలిష్ చేసిన బూట్లు, ఫ్లాస్కులో టీ. డిపార్ట్‌మెంట్ వదిలినా ఇన్‌స్పెక్షన్ మోజు వదల్లేదు. చింత చచ్చినా పులుపు చావదంటారు.

రిసార్ట్ తరఫున వైస్ ప్రెసిడెంట్ వచ్చాడు, ట్రెంట్ అని. జీపుల్లో పైదాకా తీసుకెళ్ళింది అతనే. ఈ పెద్దాయన ఎవరని అడిగాడు. ఇండియా నుంచి వచ్చిన ఇరిగేషన్ ఇంజనీరని చెప్పాను. ట్రెంట్ ముఖం మారింది. దొంగమంచు తయారు చేయడానికి రిసార్ట్ వాళ్ళు ఏటి నీళ్ళు తోడతారు, ఎంత తోడతారో ఎవరూ అడక్కుండా చూసుకుంటారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. పాపం దారిపొడుగునా దేవదానం గారి పక్కన నడుస్తూ, అడక్కుండానే వాళ్ళ పంపుల గురించీ పర్మిట్ల గురించీ సంజాయిషీ చెప్పుకున్నాడు. ఈయన ఏమీ అర్థంకాక తల ఊపాడు. ఆ ఊపుడు అవునో కాదో తేలక ట్రెంట్‌కి ఇంకా భయం పట్టుకుంది.

పైన గాలి ఈడ్చి కొడుతోంది. మబ్బు దిగింది. పిట్ట లేదు. ఆ కొండల మీద వేసవిలో మధ్యాహ్నమయ్యేసరికి పిడుగులు పడతాయి, ఈలోపే దిగిపోవాలి. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందు నేర్చుకోవలసింది అదే. ఎంత గొప్ప పిట్టైనా పిడుగు కంటే ముఖ్యం కాదు. ట్రెంట్ వాచీ చూసుకుంటున్నాడు. డేల్ నా వంక చూడకుండా కొండల్ని మెచ్చుకుంటున్నాడు. ప్రభువా, ఒక్కటి పంపించు చాలు అనుకున్నాను. సైన్సు చదివినదాన్నే, అయినా అనుకున్నాను.

మబ్బు కాస్త తెరిపిచ్చింది. ట్రెంట్ బూట్లకి ఆమడ దూరంలో కాదు, అడుగు దూరంలో, మంచు అంచున ఒక ఆడపిట్ట వాలింది. వీటికి మనుషులంటే భయం తక్కువ, మనం అక్కడిదాకా వెళ్ళడం తక్కువ కాబట్టి. తాపీగా పురుగులు ఏరుకుంటోంది. వెనకాలే మొగుడు, ఎదురొచ్చిన ఇంకో మగాణ్ణి తరుముతూ. ఆవిడ గొంతు నిండింది. లేచి నేరుగా గోడమీది పగుల్లోకి దూరింది. లోపల్నుంచి పిల్లల అరుపు, సన్నగా, ఆకలిగా, గాలిలో కూడా అందరికీ వినబడింది. ఆవిడ బయటికొచ్చేసరికి గొంతు మామూలుగా ఉంది.

మాతో పైకి వచ్చిన లిండా రాసుకుంది. ఒక్క పిట్టని బట్టి ఏం తేల్చగలం అన్నాడు ట్రెంట్. నేను నోరు తెరిచేలోపు దేవదానం గారు మంకీ క్యాప్ పైకి లేపి, తన ఇంగ్లీషులో, చాలా మర్యాదగా అన్నాడు. "సర్, ఫర్ కెనాల్ ఆల్సో, వన్ లీక్ ఈజ్ ఇనఫ్ సర్."

నీళ్ళ మాట వినగానే ట్రెంట్ సరే సరే అని తల ఊపేశాడు. మేం దిగేలోపు ఇంకో మూడు పగుళ్ళలోకి పిట్టలు దూరడం చూశాం.

సన్మానాలు

స్టేషన్ కొండ కొమ్మున కాకుండా కింద చెట్ల వరుస దగ్గర కట్టారు. గోడ మిగిలింది, మంచుపట్టీ మిగిలింది. రెస్టారెంటుకి ఆ పిట్ట పేరే పెట్టారు. రెస్టారెంటు లోపలి గోడ మీద పెద్ద బొమ్మ కూడా వేయించారు. ఆ బొమ్మలోది మాత్రం మా పిట్ట కాదు, డెన్వర్‌లో ప్రతి పెరట్లో కనబడే ఎర్రతల ఫించ్. ఎవరో ఇంటర్నెట్‌లో మొదట దొరికింది పెట్టేశారు. నేను చెప్తే మార్చేవాళ్ళే, కానీ చెప్పలేదు. ఆ ఎర్రతల దాన్ని చూసినప్పుడల్లా నాకు కొంచెం మనశ్శాంతి.

ఆ చలికాలం డేల్‌కి పర్యావరణ పరిరక్షణకని ఒక షీల్డ్ ఇచ్చారు. సరైన కాలంలో సర్వే చేయడం ఎంత ముఖ్యమో వేదిక మీద చాలా బాగా మాట్లాడాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. మర్నాడు నన్ను పిలిచి, నీ అంత అనుభవం ఉన్నవాళ్ళు మైదానాల్లో కావాలన్నాడు. అప్పట్నుంచి నా పని తూర్పున షాపింగ్ మాల్‌లు కట్టే బీళ్ళలో ప్రెయిరీ డాగ్స్ అనే నేల ఉడతల బొరియలు లెక్కపెట్టడం. కారు పార్కింగ్ పక్కన నిలబడి బొరియలు లెక్కపెడుతుంటే, ట్రాలీలు తోసుకుంటూ వెళ్ళే తెలుగువాళ్ళు గుర్తుపట్టి, ఏం పోయిందండీ వెతుకుతున్నారు అని అడిగేవాళ్ళు. రెండు వేల పదిహేనులో రిటైరయ్యేదాకా అదే. జీతం తగ్గలేదు. మళ్ళీ కొండ మీదికి పంపలేదు. ఇంట్లో చాలాసార్లు ఏడ్చాను, దాచడం ఎందుకు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పాలి. పిట్టని కాపాడితే పిట్ట మనల్ని కాపాడదు.

ఆ కుర్రాడు

రిటైరైన వేసవిలో దేవదానం గారు మళ్ళీ వచ్చాడు. ఈసారి సొంత పెట్రోలుతో ఇద్దరం ఆ కొండకి వెళ్ళాం. దారి ఉన్నంతవరకు కారు, తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా. గోడ ఎదురుగా రాయి మీద కూర్చున్నాం. ఆయన టీ పోశాడు. పిట్టలు ఎప్పటిలాగే మంచు అంచున నడుస్తున్నాయి. మంచుపట్టీ మాత్రం మునుపటికంటే సన్నబడింది. దానికి ఏ బాసు దగ్గరికి వెళ్ళాలో తెలిస్తే వెళ్ళేదాన్ని.

ఎన్నేళ్ళుగానో లోపల ఉన్న మాట అప్పుడు అడిగాను. "బాబాయి గారూ, ఆ కాలువ వాక్యం రాసిన ఏఈ మీరే కదా?"

ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ నా వంక ఆశ్చర్యంగా చూశాడు. "నేనా? లేదమ్మా, నేనప్పటికే ఈఈని, ఆ కుర్రాడికి పై ఆఫీసర్ని. ఆ వాక్యం చదివి వారం తిరక్కుండా ఆ కుర్రాణ్ణి మన్యానికి ట్రాన్స్‌ఫర్ చేయించింది నేను."

నాకు డేల్ పక్కన కూర్చుని టీ తాగుతున్నట్టనిపించింది. కోపం కూడా వచ్చింది. మరి నాకెందుకు చెప్పారని గట్టిగానే అడిగాను.

"నా మీద పనిచేసిందమ్మా అది" అన్నాడాయన. "పనిచేయని మందు ఎవరైనా పక్కోళ్ళకి చెప్తారా?"

ఆ కుర్రాడి పేరేమిటని అడిగాను. ఆయన మంకీ క్యాప్ తీసి చేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. గుర్తు రాలేదు. చివరికి తల అడ్డంగా ఊపి, నాకు కాదు, ఎదురుగా ఉన్న గోడకి చెప్తున్నట్టు అన్నాడు.

"కాలవ మాత్రం బాగుందమ్మా. పోయినేడు ఆ గట్టునే వెళ్ళాను. చుక్క కారట్లేదు."

గొంతు నింపుకున్న పిట్ట ఒకటి మా ఇద్దరి మధ్యనుంచే ఎగిరి పగుల్లోకి దూరింది. లోపల పిల్లలు అరిచాయి.